సాదా మనుషుల ప్రేమకథ ఎవరు రాయాలి?

అమెరికాలో ఒక తరహా ప్రేమనవల ఉంది. అట్ట చూస్తే చాలు, గుర్తుపట్టొచ్చు. పచ్చటి పొలం, దూరంగా గుర్రపుబండి, ముందు తెల్లటి టోపీ కట్టుకుని తల కాస్త వంచుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి ఆమిష్ సమాజానికి చెందినది. నవల రాసిన స్త్రీ మాత్రం చాలాసార్లు ఆ సమాజానికి చెందినది కాదు. చదివేవాళ్లలో కూడా ఎక్కువమంది బయటి స్త్రీలే. ఒక చిన్న మతసమూహంలోని ఆడపిల్లల ప్రేమని బయటి ఆడవాళ్లు రాసి, బయటి ఆడవాళ్లకి అమ్మే ఈ వ్యాపారం ఎలా మొదలైంది? దానితో మనకేం పని? నేను మంచిర్యాల డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. డాలస్ నుంచి సెలవులకొచ్చిన మా ఆడపడుచు కూతురు పది పన్నెండు ఇలాంటి నవలలు మా ఇంట్లో వదిలేసి వెళ్లింది. "చదువు అత్తా, ఒక్క చెడ్డమాట కూడా ఉండదు" అంది. నిజంగానే లేదు. అన్నీ చదివాక నా ఆలోచన పెన్సిల్వేనియాలో ఆగలేదు, మా సింగరేణి కాలనీల దాకా వచ్చింది. ఆ దారి ఎలాంటిదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆమిష్‌ల గురించి నాలుగు మాటలు. 1525లో జూరిక్‌లో కొంతమంది క్రైస్తవులు, పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదనీ, పెద్దయ్యాక తెలిసి తీసుకున్నదే బాప్తిస్మమనీ అన్నారు. ఆ మాటకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాళ్ల వారసుల్లో మెనో సైమన్స్ పేరు మీద ఏర్పడినవాళ్లు మెనోనైట్లు. సంఘం కట్టుబాట్లు సడలిపోతున్నాయని, తప్పు చేసినవాళ్లను కఠినంగా వెలివేయాలని 1693లో జాకబ్ అమ్మన్ విడిపోయాడు. అతని వెంట నడిచినవాళ్లు ఆమిష్‌లు. తర్వాత అమెరికా చేరారు. ఇవాళ నాలుగు లక్షల దాకా ఉన్నారు. కారు కొనరు, ఇంటికి కరెంటు లైను లాగించుకోరు, సాదా బట్టలు కట్టుకుంటారు, ఇంట్లో జర్మన్ యాస మాట్లాడతారు, బయటివాళ్లందర్నీ "ఇంగ్లీషువాళ్లు" అంటారు. పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆపేస్తారు. ఆ హక్కు వాళ్లకుందని 1972లో అమెరికా సుప్రీంకోర్టే తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో ఆడపిల్ల ఏమైందని అడిగినవాళ్లు తక్కువ.

వీళ్ల మీద ప్రేమనవలలు ఇవాళ్టివి కావు. 1904లో హెలెన్ రైమెన్‌స్నైడర్ మార్టిన్ 'టిల్లీ: ఎ మెనోనైట్ మెయిడ్' రాసింది. మరుసటి ఏడాదే ఆమిష్‌ల మీద 'సబీనా' రాసింది. మార్టిన్ ఆమిష్‌ల పుట్టిల్లయిన లాంకాస్టర్‌లోనే పుట్టింది కానీ ఆమె లూథరన్. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మనిషి, సోషలిస్టు. టిల్లీ దాచుకుని పుస్తకాలు చదివే పిల్ల, తండ్రి కొట్టే పిల్ల. చదువుకుని ఆ ఇంట్లోంచి బయటపడాలన్నది నవల కోరిక. ఒక స్త్రీవాది రాసిన నవల కదా, మనకి నచ్చాలి. కానీ ఆ ప్రాంతపు జర్మన్ రైతులకి ఒళ్లుమండింది. మమ్మల్ని మొరటువాళ్లుగా, పిసినారులుగా, ఆడవాళ్లని బాదేవాళ్లుగా చూపించిందన్నారు. ఆ కోపం అన్యాయం కాదు. టిల్లీకి విముక్తి ఇవ్వాలంటే టిల్లీ మనుషులందర్నీ చీకట్లో నిలబెట్టాల్సి వచ్చింది. ఇలాంటి రాతలకి జవాబుగా 1940లో జోసెఫ్ యోడర్ 'రోసానా ఆఫ్ ది ఆమిష్' రాశాడు. ఆమిష్ ఇంట్లో పెరిగిన తన తల్లి కథే అది. లోపలినుంచి వచ్చిన ఈ పుస్తకంలో చీకటి లేదు. అమ్మ గురించి కొడుకు రాసిన పుస్తకంలో ఎంత వెలుగుంటుందో, ఎంత మౌనం ఉంటుందో మనకి తెలుసు.

ఇప్పుడు మనం చూస్తున్న ప్రవాహం 1997లో మొదలైంది. ఆ ఏడాది బెవర్లీ లూయిస్ 'ది షనింగ్' వచ్చింది. కేటీ లాప్ అనే ఆమిష్ అమ్మాయికి పెళ్లి కుదిరాక, తన పుట్టుక గురించిన రహస్యం అటక మీద దొరికిన పసిపాప గౌనులోంచి బయటపడుతుంది. సంఘం ఆమెని వెలివేస్తుంది. లూయిస్ అమ్మమ్మ పాత కట్టుబాట్ల మెనోనైట్ కుటుంబంలో పుట్టి, బయటి మనిషిని పెళ్లాడి, తన వాళ్లకి దూరమైన స్త్రీ. అంటే ఈ నవలకి మూలం ఒక నిజమైన స్త్రీ పడ్డ కష్టమే. దాన్ని క్రైస్తవ ప్రచురణ సంస్థ ఒకటి అచ్చేసింది, లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ తర్వాత వాండా బ్రన్‌స్టెటర్, సిండీ వుడ్స్‌మాల్ వంటివాళ్లు వరుసగా రాశారు. ఒక్క 2012లోనే ఇలాంటివి 85 కొత్త నవలలు వచ్చాయని వాలరీ వీవర్-జెర్చర్ లెక్క తేల్చింది. అంటే నాలుగైదు రోజులకొకటి. ఆమె స్వయంగా మెనోనైట్. 2013లో ఈ నవలల మీదే ఒక పరిశోధన గ్రంథం వేసింది. తీరిక లేని వేగం, ప్రతి వస్తువునీ శరీరంతో అమ్మే సంస్కృతి, ఈ రెండిటితో విసిగిన క్రైస్తవ స్త్రీలు ఈ నవలల్లో నెమ్మదినీ శీలాన్నీ వెతుక్కుంటున్నారని ఆమె వివరణ. నాకు సబబుగానే తోచింది.

ఈ నవలల్లో నాకు నచ్చినవీ ఉన్నాయి. లాంకాస్టర్‌లో పెళ్లిళ్లు పంట ఇంటికొచ్చాక, ఎక్కువగా నవంబరులో, మంగళ, గురువారాల్లో జరుగుతాయి. పెళ్లివిందులో సెలరీ కాడల వంటకం తప్పదు. అందుకని ఏ ఇంటి పెరట్లో సెలరీ మళ్లు ఎక్కువగా వేశారో చూసి, ఆ ఇంట్లో పిల్లకి సంబంధం కుదిరిందని ఊరు పసిగడుతుంది. ప్రేమ రహస్యం, పెరడు బహిరంగం. ఒక ఆడపిల్ల మనసు సంగతి కూరమడి చెప్పేస్తుందన్న ఈ చిన్న సంగతి పట్టుకుని ఎంత కథైనా నడపొచ్చు. మంచి నవలల్లో ఈ రకం ఇంటి జ్ఞానం దండిగా ఉంది. రొట్టె పిండి కలపడం, బొంతలు కుట్టడం, చనిపోయినవాళ్ల ఇంటికి వంట పంపడం. ఆడవాళ్ల పనికి ఇంత చోటిచ్చే పాపులర్ నవలలు ఎన్ని ఉన్నాయి?

కానీ ఒక లెక్క తేలదు. వినయాన్ని పెద్ద ధర్మంగా ఎంచే సమాజంలో, తనని తాను ముందుకు తోసుకోవడం తప్పైన చోట, లోపలి స్త్రీ రచయిత్రి కావడమే కష్టం. అయినా అయినవాళ్లున్నారు. లిండా బైలర్ ఆమిష్ సంఘంలో ఉంటూనే నోటుపుస్తకాల్లో చేత్తో నవలలు రాస్తుంది. బయటికి వచ్చేసిన సలోమా మిల్లర్ ఫర్లాంగ్ 2011లో తన ఆత్మకథ అచ్చేసింది. అందులో తండ్రి చేతి దెబ్బలున్నాయి. ఈ ఇద్దరి పుస్తకాలూ, బయటివాళ్లు రాసిన వందల నవలలూ ఒకే అరలో పెడితే, అట్టల మీద అమ్మాయి ఒక్కలాగే కనిపిస్తుంది. లోపల మాట్లాడే గొంతు ఎవరిదన్నది అట్ట చెప్పదు.

ఇదంతా దూరదేశపు గొడవ కాదా అంటే, కాదు. ఆమిష్‌ల దాయాదులు తెలంగాణకే వచ్చారు. అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు రష్యా సామ్రాజ్యంలోని మెనోనైట్ ఊళ్లనుంచి 1889లో బయల్దేరి నల్లగొండలో పనిచేశారు. 1899లో అమెరికా మెనోనైట్ బ్రదరన్ సంఘం మనుషుల్ని పంపింది. హైదరాబాదు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండ, శంషాబాద్, జడ్చర్ల వాళ్ల కేంద్రాలయ్యాయి. కాథరినా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో వచ్చి, పెళ్లి లేకుండా, శంషాబాద్‌లో ఆడవాళ్లకి వైద్యం చేస్తూ 1945లో ఇక్కడే కన్నుమూసింది. ఇవాళ భారతదేశపు మెనోనైట్ బ్రదరన్ సంఘం ప్రపంచంలోని అతి పెద్ద మెనోనైట్ సంఘాల్లో ఒకటి. అందులో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల తెలుగువాళ్లే. పెద్దయ్యాక తెలిసి తీసుకునే బాప్తిస్మం అన్న మాట జూరిక్‌లో పుట్టి పాలమూరు వాడల దాకా నడిచొచ్చింది. పెన్సిల్వేనియా దాయాదురాలి మీద ఏటా పదుల నవలలు. పాలమూరు దాయాదురాలి మీద ఒక్క ప్రేమనవల కూడా నా కంటపడలేదు.

రాయలేదని కాదు, వేరే రకంగా రాశారు. హెలెన్ మార్టిన్ తన టిల్లీని రాయడానికి ఐదేళ్ల ముందు, 1899లో, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 'వైల్ సోయింగ్ శాండల్స్' అన్న పుస్తకం వేసింది. చెప్పులు కుడుతూ అని అర్థం. విషయం ఒంగోలు ప్రాంతపు మాదిగలు. ఈమె మామూలు మిషనరీ కాదు. మేరీ వూల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద బెర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, 1898లో దాన్ని పుస్తకంగా తెచ్చిన మనిషి. స్త్రీల హక్కుల మీద తొలి పుస్తకాల్లో ఒకదాన్ని రాసిన వూల్‌స్టన్‌క్రాఫ్ట్‌ని చదువుకున్న స్త్రీ, ఒంగోలు మాదిగవాడకి వచ్చి కూర్చుంది. ఆమె భర్త జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని కూలీ పని కల్పించిన మిషనరీ. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఉద్యమం అతని పేరు మీదే నడిచింది.

ఎమ్మా పుస్తకం నవల కాదు కానీ కథలా సాగుతుంది. మాతంగి గురించి రాసింది, మాదిగల్లో తిరిగిన యోగుల గురించి రాసింది, మొదటి విశ్వాసి యెర్రగుంట్ల పేరయ్య, అతని భార్య నాగమ్మల గురించి రాసింది. పేరయ్య క్రైస్తవుడు కాకముందు రాజయోగం నేర్చుకున్నది ఒక స్త్రీ గురువు దగ్గరని అందులోంచే మనకి తెలుస్తుంది. మన సాహిత్య చరిత్రలు అప్పటికింకా వాడ గడప తొక్కలేదు. కాబట్టి ఆమె రాయకపోతే ఇవి పోయేవే. అయితే ఆమె రాసింది ఎవరికి? అమెరికా సంఘాల్లో కూర్చుని చందాలిచ్చే స్త్రీలకి. వాళ్ల హృదయం కరగాలి, చందా రావాలి. మాదిగ స్త్రీ ఆ పుటల్లో రెండు రూపాల్లోనే నిలబడగలదు. ఒకటి, చీకట్లో ఉన్న స్త్రీ. రెండు, వెలుగులోకి వచ్చిన స్త్రీ. మధ్యలో ఆమె ఎవర్ని ఇష్టపడింది, పెళ్లి విషయంలో ఎవరితో పోట్లాడింది, ఇవి చందా తేవు. నాగమ్మ భర్త వెంట ఊరూరా నడిచి, ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి, ఉద్యమాన్ని మోసిన మనిషి. ఆమె మనసు మనకి అందేది భక్తిగానే.

ఇరవయ్యేళ్లు దాటాక ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' వచ్చింది. 1922. మద్రాసు ప్రభుత్వం నిషేధించేంత పదునున్న నవల. అందులో జ్యోతి ఉంది, అప్పదాసు ఉన్నాడు, వాళ్ల మధ్య ప్రేమ ఉంది. మాలవాడ పిల్లకి ప్రేమ కథని ఇచ్చినందుకు ఉన్నవ గారికి మనం రుణపడి ఉన్నాం. కానీ ఆ ఇల్లు వైష్ణవ భక్తిలో కడిగిన ఇల్లు. రామదాసు సాధువు. అగ్రవర్ణ పాఠకుడు తన చాపమీద కూర్చోబెట్టుకోగలిగినంత పవిత్రంగా ఉంటే తప్ప ఆ కుటుంబం నవలలోకి రాలేకపోయింది. సాదా మనుషుల్ని బయటివాళ్లు రాసినప్పుడు మంచితనమే ప్రవేశ రుసుము. ఆమిష్ నవలకీ ఇదే నియమం.

ఇక మన ప్రేమనవలల కాలానికి రావాలి. 1960లనుంచి ఇరవై ఏళ్లపాటు తెలుగు ఆడవాళ్లు రాసి, తెలుగు ఆడవాళ్లు చదివిన నవలల వరద మనందరికీ తెలుసు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా మొదలై, 1976లో సినిమా అయింది. అమ్మాయి పేరు జయంతి, అబ్బాయి రాజశేఖరం. 2018లో ఆవిడ పోయినప్పుడు, ఆవిడని ఎన్నడూ పొగడని విమర్శకులు కూడా ఒక పేరా రాశారు. మా మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్ వైపు అద్దెపుస్తకాల షాపుల్ని బతికించినవి ఈ నవలలే. మా అమ్మ, పక్క క్వార్టర్ల ఆడవాళ్లు, ఒక్క వారపత్రికని ఆరిళ్లు తిప్పి చదివేవాళ్లు. భర్త మూడో షిఫ్టుకి పోయాక, బాయిలోంచి మనిషి మళ్లీ పైకి వచ్చేదాకా నిద్రపట్టని రాత్రుల్లో చదివేవాళ్లు. ఆ నిద్ర లేని పాఠకురాలి గురించి మన విమర్శ ఏమీ రాయలేదు. చదివించే నవలలు ఆమెని పలాయనంలోకి నెట్టాయని మాత్రం రాసింది. భర్త ప్రాణం ప్రతిరోజూ భూమి కిందికి దిగి వచ్చే స్త్రీకి, ఒక మేడ, ఒక కారు, చివరికి మెత్తబడే ఒక అహంకారి ఏమిచ్చారో అడిగి ఉండాల్సింది.

కానీ అడిగినా ఒకటి మిగిలిపోతుంది. ఆ నవలల్లో సింగరేణి స్త్రీ లేదు. బొగ్గు కథలు వచ్చాయి. అల్లం రాజయ్య వంటి రచయితలు ఈ నేలని గొప్పగా రాశారు. అవి పోరాట కథలు, వాటిలో స్త్రీ తల్లి, భార్య, అమరుడి చెల్లెలు. 1952 గనుల చట్టం ఆడవాళ్లని భూగర్భంలో పనిలోంచి తప్పించింది. 2019లోగానీ ఆ నిషేధం సడల్లేదు, అదీ కొన్ని ఉద్యోగాలకి, పగటి వేళలకి. బాయి మగవాళ్లది అయిపోయాక బొగ్గు సాహిత్యం కూడా అలాగే అయిపోయింది.

అందులోనూ కనిపించని స్త్రీ ఇంకొకామె. కాలనీల్లో ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని, బొట్టు లేకుండా, మెడలో చెవుల్లో ఏమీ లేకుండా, కొంగు తలమీదికి లాక్కుని, జిప్పు ఉన్న నల్ల బైబిలు పట్టుకుని నడిచే స్త్రీ. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించాక, ఆ సహవాసాలు తెలుగు నేలంతా అల్లుకున్నాయి. పెంతెకొస్తు సంఘాలు అంతకు ముందునుంచీ ఉన్నాయి. వీటిలో చాలాచోట్ల స్త్రీలు నగలు విడిచిపెట్టారు. మన సాదా మనుషులు వీళ్లే. పెన్సిల్వేనియా తెల్లటోపీకి మా దగ్గర సాటి ఈ తెల్లకొంగు.

ఈ తెల్లచీరని ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతారు. హిందూ కళ్లకి అది వైధవ్యం. పెళ్లయిన ఆడది బొట్టు చెరుపుకుని తిరుగుతోందని ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్లని నేను చూశాను. సంఘానికి అది ప్రతిష్ఠ. స్త్రీవాదులుగా మనకది అలంకారాన్ని తిరస్కరించడమా, మగ పెద్దల ఆజ్ఞా అన్న తగవు. మా వీధిలో ఉండే ఒక అక్క ఈ మూడిటినీ పక్కకి నెట్టింది. ఆమె భర్త కోల్ ఫిల్లరు, తట్టా చెమ్మాస్ మోసిన మనిషి. "బంగారముంటె గదా చెల్లె, తీసెయ్యనీకి. మావోళ్లకు కమ్మలే లెవ్వు. తెల్లచీర కట్టినంక దొరసాని ఎదురొచ్చినా నా దిక్కు జూసి ఇది పేదది అనలేకపోయింది. ఇది దేవునిది అన్నది" అంది. వెట్టి, వాడ, గొలుసు, కమ్మలు, అన్నిటి చరిత్రా ఆ ఒక్క మాటలో ఉంది. నగ లేకపోవడం లేమి కావచ్చు, ఎంపిక కావచ్చు. లేమిని ఎంపికగా మార్చుకున్న స్త్రీ ప్రేమలో పడితే ఏం కట్టుకుని ఎదురుచూస్తుంది? మన ప్రేమనవల అంతా చీర రంగులమీదా, జడలో పూలమీదా నడిచింది కదా. పూలు పెట్టుకోని పిల్ల ప్రేమని రాయడానికి మన దగ్గర వాక్యమే తయారు కాలేదు.

ప్రేమ అన్న మాట మాత్రం ఆ సంఘాల్లో రోజూ వినిపిస్తుంది. ఆరాధన అయ్యాక అందరూ బంతిలో కూర్చుని తినే భోజనం పేరు ప్రేమవిందు. నిశ్చితార్థం పేరు ప్రధానం. సంబంధం నచ్చిందో లేదో పిల్ల నోటితో చెప్పక్కర్లేదు, "ప్రార్థనలో పెట్టాను" అంటుంది. వారం గడిచినా అదే మాట అంటే పెద్దలకి అర్థమైపోతుంది, అది ఒప్పుకోలు కాదని. కాదనే హక్కుని దేవుడి పేరుమీద దాచుకున్న పద్ధతి ఇది. సెలరీ మడికి ఏమీ తీసిపోదు. నవలకి కావలసినదంతా ఇక్కడ ఉంది. మరి ఎందుకు రాలేదు?

నాకు నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది తేలిక. వారపత్రికలు ఊహించుకున్న పాఠకురాలు తులసికోట ఉన్న ఇంటి ఇల్లాలు. రెండోది, సంఘానికే నవలంటే గిట్టదు. అబద్ధం చదవడం పాపమని చెప్పే పాస్టర్లున్నారు.

మూడోది చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని మనిషి షెడ్యూల్డు కులానికి చెందడు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర వాళ్లకి బీసీ-సి, ఒక శాతం. అందువల్ల లక్షల ఇళ్లలో ఆడపిల్లకి రెండు పేర్లున్నాయి. బడి రిజిస్టరులో ఒకటి, బాప్తిస్మంలో ఒకటి. ఉద్యోగం మొదటి పేరుమీద, ఊపిరి రెండో పేరుమీద. 1990 ప్రాంతంలో లక్షమందికి పైగా పనిచేసిన సింగరేణిలో ఇప్పుడున్నది దాదాపు 40 వేలు. అలా చిక్కిపోతున్న చోట సర్టిఫికెట్టు విలువ ఏమిటో చెప్పక్కర్లేదు. మతం మారినవాళ్లు రిజర్వేషను కోసం హిందువులమనడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది కూడా. ఇలాంటి చోట ఒక స్త్రీ తన సంఘం గురించి, తన ప్రేమ గురించి తన పేరుతో నవల అచ్చేస్తే, అది ఆమె మీద సాక్ష్యం అవుతుంది. ఆమిష్ స్త్రీకి వినయం అడ్డం. ఇక్కడి స్త్రీకి తహసీల్దారు అడ్డం.

నాలుగోది మనం. ఇది కాస్త కటువుగానే చెప్పాలి. 2003లో 'నల్లపొద్దు', 2006లో 'నల్లరేగటిసాల్లు' వచ్చాక దళిత స్త్రీల గొంతు మన పేజీల్లో బలంగా నిలబడింది. ఎం.ఎం. వినోదిని గారు తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని దళిత క్రైస్తవ కూతురి కథగా తిరగరాసి, గుడి భాషనే సాహిత్యం చేశారు. ఆ రచనలు లేకుండా ఈ వ్యాసం లేదు. అయితే వాటిని చదివిన మనం, దళిత స్త్రీని చూడగానే గాయం చూపించమంటున్నాం. సంఘంలో ఆమెని లేపి నిలబెట్టి "సాక్ష్యం చెప్పమ్మా" అంటారు. ఏ చీకట్లోంచి ఎలా బయటపడిందో చెప్పాలి. మన సభల్లోనూ లేపి నిలబెట్టి అదే అడుగుతాం. ఎమ్మా క్లౌ పాఠకులు అడిగినదీ అదే. మూడు చోట్లా ఆమెకిచ్చిన సాహిత్య రూపం ఒక్కటే, సాక్ష్యం. ప్రేమకథ సాక్ష్యం కాదు. అందులో ఏమీ రుజువు చేయక్కర్లేదు. ఇష్టపడొచ్చు, అలగొచ్చు, చివరికి సుఖంగా ఉండొచ్చు. సుఖాంతం అంటే మనకి చులకన, ఎందుకంటే మనలో చాలామందిమి పుట్టినప్పటినుంచి సుఖాంతాలు చదివి విసిగినవాళ్లం. ఇంకా ఒక్కటీ దొరకనివాళ్లకి విసుగు ఎక్కడిది?

ఇది ఊహించి రాయడం లేదు. నా పాత విద్యార్థిని ఒకామె ఇలాంటి నవల రాసింది. ఆమె ఈ కాలనీల్లో పుట్టిన క్రైస్తవ దళిత కుటుంబపు పిల్ల, ఇప్పుడు కాంట్రాక్టు టీచరు. నవలలో ఒక సంఘం, అందులో పాటలు మొదలుపెట్టే ఒక అమ్మాయి, తబలా వాయించే ఒక కుర్రాడు. అతను సర్ఫేస్ జనరల్ మజ్దూరు. రెండువందల పేజీల్లో ఇద్దరూ ఒంటరిగా మాట్లాడుకునేది మూడుసార్లు. చివరికి పెళ్లవుతుంది, తెల్లచీరలోనే. ఒక పత్రికవాళ్లు తిప్పిపంపుతూ, మతప్రచారంలా ఉంది, అమ్మాయి సంఘాన్ని వదిలి బయటికి వచ్చేలా మార్చమన్నారు. మన వైపు మనిషే, ఒక అధ్యాపకురాలు చదివి, కులం ఏదీ, వివక్ష ఏదీ అంది. పిల్ల నన్నడిగింది: "మేడం, కులం లేకుండ ఉంటదా? ఆ పిల్లగాడు పర్మినెంటు కాకపోవుడే కులం. ఆమె రెండు పేర్లే కులం. కాని గదే కథ గావాల్నా?"

నేను ఆ నవల రెండుసార్లు చదివాను. లోపాలున్నాయి. పాస్టరు మరీ మంచివాడు, ఆడవాళ్లమీద పెద్దల పెత్తనాన్ని ఆమె మెత్తగా దాటేసింది. బాప్తిస్మం తీసుకోని తమ్ముడి కథ మధ్యలో ఆగిపోయింది. ఇవన్నీ ఆమెతో చెప్పాను, కొన్ని మార్చింది, పాస్టరు విషయంలో ససేమిరా అంది. ఆమె నవల ఆమె ఇష్టం. బెవర్లీ లూయిస్‌కి తన అమ్మమ్మ వదిలి వచ్చిన ఇంటిని బయటినుంచి ఊహించుకునే స్వేచ్ఛ ఉంది. లోపలే ఉండి ప్రేమించే స్వేచ్ఛ ఈ పిల్ల అడుగుతోంది. మన పత్రికలు, ప్రచురణకర్తలు, విశ్వవిద్యాలయాల సిలబస్ కమిటీలు ఇలాంటి నవలకి చోటివ్వాలని నా వాదన. ఎలాంటి షరతూ లేకుండా, అమ్మాయిని ముందు సంఘంలోంచి బయటికి లాగకుండా. చోటిచ్చాక విమర్శిద్దాం, గట్టిగానే విమర్శిద్దాం.

డీటీపీ పని మంచిర్యాలలోనే ఒక కుర్రాడి దగ్గర అయిపోయింది. ఖర్చు నలుగురం పంచుకుంటున్నాం. అట్ట మీద తెల్లకొంగు బొమ్మ వద్దని, బాయి గేటు ముందున్న వేపచెట్టు చాలని ఆమె అంది. ఇక తేలాల్సింది రచయిత్రి పేరు. రిజిస్టరు పేరు వేస్తే అది తాను కాదంటుంది. బాప్తిస్మపు పేరు వేస్తే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా ఎవరైనా ఈ పుస్తకం తెచ్చి చూపించొచ్చు. కలంపేరు పెట్టుకోమని నేనన్నాను. "మూడో పేరా మేడం?" అంది. అచ్చుకి వెళ్లాల్సిన పేజీలో ఆ గీత ఇంకా ఖాళీగానే ఉంది.